వెంటనే అన్నచోట రెండు నిమిషాలు

ఆ ఆఫీసులో ఆవిడ అసలు పేరు అందరూ ఆర్నెల్లలోనే మర్చిపోయారు. నూటికినూరు అనే పిలుస్తారు. "నూటికినూరు వచ్చిందా?" "ఇప్పుడే టీకి వెళ్లింది." ఇదీ వరస. మొదట్లో ఆవిడకు కాస్త ఒళ్లు మండేది. తర్వాత, అబద్ధమెందుకు, లోలోపల బాగానే ఉండేది. నలభై ఆరేళ్ల వయసులో ఎవరైనా పిలిచి మార్కులు వేస్తుంటే ఎవరికి చేదు?

ఆవిడ చేసే పనేమిటో ఇంట్లో ఎవరికీ సరిగ్గా తెలియదు. భర్త బస్సు డ్రైవరు. ఎవరైనా అడిగితే "ఏదో కంప్యూటర్ పని" అని చేతులు దులుపుకుంటాడు. నిజానికి ఆవిడకు ప్రోగ్రాం రాయడం అసలు రాదు. ఇల్లు కట్టేముందు ప్లాను గీసేవాళ్లుంటారు చూడండి, అలాంటి పని. సాఫ్ట్‌వేర్ తయారుచేసేముందు అది ఏం చెయ్యాలి, ఎప్పుడు చెయ్యాలి, ఏం చెయ్యకూడదు అని ఒక్కో వాక్యంగా రాసిపెట్టాలి. వాటినే రిక్వైర్‌మెంట్లు అంటారు. వాక్యం వంకరగా ఉంటే ప్రోగ్రామర్లు వంకరగానే కడతారు. కట్టినవాళ్లను తిట్టి లాభం లేదు.

ఆ పనికి అక్కడ ఇద్దరే ఉన్నారు. ఆవిడ ఒకరు, బహుశాగారు ఇంకొకరు. పొద్దున్నే ఎదురుపడి "బాగున్నారా" అంటే "బహుశా బాగున్నట్టే" అనే మనిషి ఆయన. అందుకే ఆ పేరు. అద్దాలు ముక్కు చివర, బిస్కెట్ పొట్లం సొరుగులో, అనుమానం నాలుక మీద. తనకు తెలియనిది ఎదురైతే "ఇది తెలియదు, అడగాలి" అని పత్రంలోనే రాసి వదిలేసేవాడు. దానికి మేనేజరు తల పట్టుకునేవాడు.

ఆరునెలల కింద పంతులమ్మ వచ్చింది. పంతులమ్మ మనిషి కాదు, ఒక ప్రోగ్రాం. మనం రాసిన భాషను చదివి అర్థం చేసుకుని తప్పులు పడుతుందన్నమాట. అక్షరదోషాలు కాదు, అవి ఎవరైనా పడతారు. "తగినంత వేగంగా" అని రాస్తే తగినంత అంటే ఎంత అని ఎర్రగీత పెట్టేది. "సందేశం పంపబడాలి" అని రాస్తే పంపేదెవరు అని ఎర్రగీత. ఒకే వాక్యంలో రెండు పనులు ఇరికిస్తే విడగొట్టమనేది. చివర్లో నూటికి ఇన్నని మార్కులు వేసేది. ఎవరు పెట్టారో తెలియదు గానీ, బెత్తం ఒక్కటే తక్కువ అని నవ్వుకుని ఆ పేరు పెట్టేశారు.

పంతులమ్మను తక్కువ చెయ్యడానికి లేదు. ఒక ఆసుపత్రి కోసం రాస్తున్న పత్రంలో, నర్సు గదిలోకి రాగానే మంచం పైన లైటు ఆరిపోవాలని తొమ్మిదో పేజీలో ఉంది. నర్సు బటన్ నొక్కితేనే ఆరాలని నలభయ్యో పేజీలో ఉంది. ముగ్గురు మనుషులు మూడేసి సార్లు చదివారు, ఒక్కరికీ తగల్లేదు. పంతులమ్మ పది సెకన్లలో రెండు వాక్యాలనూ పక్కపక్కన నిలబెట్టి చూపించింది. ఆ రోజు బహుశాగారు కూడా అద్దాలు తీసి తుడుచుకున్నాడు.

అయితే బడిలో తెలివైన పిల్లలు చేసే పనే నూటికినూరూ చేసింది. పంతులమ్మ కోపం దేనిమీదో, దేనికి చల్లబడుతుందో కనిపెట్టేసింది. అంకె కనిపిస్తే పంతులమ్మ చల్లబడుతుంది. "త్వరగా" అన్నచోట "అయిదు సెకన్లలో" అంటే గీత పచ్చబడుతుంది. "ఎక్కువమంది" అన్నచోట "ఇరవైమంది" అంటే చాలు. అంకె ఎక్కణ్ణుంచి వచ్చిందని పంతులమ్మ అడగదు. అడగడం దానికి ఎవరూ నేర్పలేదు.

ఇంతలో మేనేజరు ఇద్దరినీ గదిలోకి పిలిచి తలుపు వేశాడు. మంచివాడే పాపం, చెప్పేటప్పుడు బల్ల మీద పెన్ను అటూ ఇటూ దొర్లిస్తూనే ఉన్నాడు. "వచ్చే నెల నుంచి రాసేవాళ్లు ఒక్కరే చాలంటున్నారు పైవాళ్లు. మీ ఇద్దరిలో ఎవరని నేను మొహాలు చూసి చెప్పలేను. అందుకని మార్కుల మీద అని రాసిచ్చాను. ఈ ఆసుపత్రి పనిలో చెరిసగం మీదే. సోమవారం ఆసుపత్రివాళ్ల ముందు పంతులమ్మ ఎవరికెంత వేస్తే అంత."

ఆ సగంలో ఆవిడ వంతుకు వచ్చింది బెల్లు. మంచం మీద రోగి బెల్లు నొక్కితే నర్సు ఫోను మోగాలి, ఆ ఏర్పాటంతా. బహుశాగారిది మందుల బండి. శుక్రవారం సాయంత్రానికి ఆవిడకు తొంభై ఎనిమిది. ఆయనకు యాభై ఏడు.

ఆవిడకు ఆ ఉద్యోగం కావాలి. భర్తకు నడుంనొప్పి పట్టుకుని ఏడాదైంది, సగం రోజులే డ్యూటీకి వెళ్తున్నాడు. కూతురు ఇంకా చదువులో ఉంది. బహుశాగారి మీద జాలి లేదని కాదు. ఉంది. కానీ మన కొంప మునుగుతుంటే పక్కింటి చూరు ఎవరు చూస్తారు?

ఆదివారం మధ్యాహ్నం వంటింటి బల్ల దగ్గర కూర్చుని పత్రం పైకి చదవడం మొదలుపెట్టింది. మర్నాడు ఆసుపత్రివాళ్ల ముందు చదవాలి కదా, నోరు తిరగాలి. ఎదురుగా అత్తగారు బీన్స్ తుంచుతోంది. పెద్దావిడ ముప్పై రెండేళ్లు వార్డులో నర్సుగా చేసి రిటైరైంది. నడక తగ్గింది గానీ చెవులు మాత్రం పాముచెవులు. గిన్నె మూత కదిలితే పక్కగదిలోంచి చెబుతుంది ఏ గిన్నెదో.

"చదువు చదువు. రేడియో కన్నా నయం, మధ్యలో ప్రకటనలు లేవు," అంది అత్తగారు.

ఆవిడ చదువుకుంటూ పోయింది. పెద్దావిడ ఊ కొడుతూ పోయింది. కొన్నిచోట్ల "బాగుంది" అంది. ఒకచోట "మా రోజుల్లో ఇదుంటే నా మోకాళ్లు మిగిలేవి" అంది. అలా ముప్పై ఒకటో వాక్యం వచ్చింది.

"రోగి బెల్లు నొక్కాక ఆ మంచం నర్సు బదులివ్వకపోతే, రెండు నిమిషాలకు ఆ పిలుపు పక్క నర్సు ఫోనుకు వెళ్లాలి."

బీన్స్ తుంచే చప్పుడు ఆగిపోయింది.

"రెండు నిమిషాలని ఎవరు చెప్పారు?"

"పత్రంలో అలా ఉంది అత్తయ్యా."

"పత్రం తనంతట తాను చెప్పదు కదమ్మా. రాసింది నువ్వే కదా?"

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు ఆవిడ ల్యాప్‌టాప్ కాస్త తనవైపు తిప్పుకుంది. తర్వాత, అత్తగారి దగ్గర దాచి ఏం చేస్తాంలే అని చెప్పేసింది. "ఎవరూ చెప్పలేదు. పోయిన నెల మొదట 'వెంటనే' అని రాశాను. ఎర్రగీత పడింది. ఆసుపత్రికి మూడుసార్లు ఫోన్ చేశాను, సిస్టర్ రౌండ్సులో ఉన్నారన్నారు. సాయంత్రానికి పత్రం ప్రోగ్రామర్లకు ఇచ్చెయ్యాలి. టీ మిషన్ దగ్గర కప్పు పెట్టి నిలబడితే దానిమీద రెండు నిమిషాలు అని వెలుగుతోంది. వచ్చి అదే పెట్టేశాను. గీత పచ్చబడింది."

అత్తగారు నవ్వుతుందనుకుంది. నవ్వలేదు.

"బెల్లు నొక్కినవాడు రెండు నిమిషాలు ఆగడమ్మా. నొప్పైతే ఆగుతాడు. దాహమైనా ఆగుతాడు. బాత్రూంకి వెళ్లాల్సినవాడు నలభై సెకన్లు ఆగుతాడు, అంతే. ఆ తర్వాత కాళ్లు కింద పెడతాడు. ఎందుకంటే సిగ్గు. పక్క తడుపుకుంటే నలుగురూ చూస్తారని సిగ్గు. ఆపరేషన్ అయిన కాలు అని కూడా గుర్తుండదు. పడేది అప్పుడే."

ఆ వాక్యాన్ని చూసి ప్రోగ్రామర్లు అప్పుడే రెండు నిమిషాల గడువు కట్టేశారు. పరీక్షించేవాళ్లు రెండు నిమిషాలకు కచ్చితంగా పక్క ఫోను మోగుతోందా లేదా అని చూసి, మోగుతోందని టిక్కు పెట్టేశారు. టీ మిషన్ మీద చూసిన అంకెకు నలుగురు మనుషులు సంతకాలు చేశారు.

అత్తగారు చేతిలో బీన్స్ పళ్లెంలో వేసి చెయ్యి తుడుచుకుంది. "మీ పంతులమ్మ 'వెంటనే' అంటే ఒప్పుకోదన్నావు కదా?"

"ఒప్పుకోదు. ఎంతసేపో చెప్పమంటుంది."

"మంచి పని చేస్తుంది. నా రిజిస్టరు కూడా దాని చేతికి ఇచ్చి ఉంటే బాగుండేది." పెద్దావిడ కిటికీ వైపు చూస్తూ చెప్పింది. "తుంటి ఆపరేషన్ అయిన లెక్కల మాస్టారు ఒకాయన ఉండేవాడు. మెత్తని మనిషి. బెల్లు కొట్టాడు. నేను వెళ్లేసరికి కింద పడి ఉన్నాడు. మళ్లీ నడవలేదు. రిజిస్టర్లో ఏం రాయాలి? బెల్లు వినగానే వెంటనే వెళ్లాను అని రాశాను. పెద్ద డాక్టరు చదివాడు, సంతకం పెట్టాడు. వెంటనే అంటే ఎంతసేపని ఎవరూ అడగలేదు. ముప్పై ఒక్క ఏళ్లయింది."

కోడలు కూడా అడగలేదు.

ఆవిడకు ఒక ఆలోచన వచ్చింది, చూడబోతే తేలిగ్గానే ఉంది. "పోనీ నలభై సెకన్లని మార్చేస్తాను అత్తయ్యా. గీత పచ్చగానే ఉంటుంది." మార్కులూ ఎక్కడికీ పోవు. తప్పు దిద్దుకున్నట్టూ ఉంటుంది, కుర్చీ దక్కినట్టూ ఉంటుంది.

"నేను చెప్పింది మా కాలం మాట. ఇప్పటి వార్డు నాకేం తెలుసు? మంచాలు మారాయి, మందులు మారాయి, ఎంతమందికి ఒక నర్సో కూడా తెలియదు. టీ మిషన్ తీసేసి అత్తగారిని పెడతావా?" అంది పెద్దావిడ. ఆ మాటకు మాత్రం కొంచెం నవ్వింది. "ఇది ఒక్కటేనా, ఇంకా ఉన్నాయా?"

ఉన్నాయి. అడిగేవరకు తనకే తెలియదు. బీన్స్ ఉడికి, దించి, చల్లారేవరకు కూర్చుని పత్రంలో ఉన్న అంకెలన్నీ వెతికింది. అరవై మూడు. ప్రతిదాని దగ్గరా ఆగి, ఇది ఎవరు చెప్పారు అని తనను తాను అడిగింది. యాభై రెండింటికి జవాబు దొరికింది. ఫలానా ఉత్తరం, ఫలానా మీటింగు. పదకొండింటికి దొరకలేదు. ఒకటి టీ మిషన్. ఒకటి పాత పత్రంలోంచి దించింది. మిగతా తొమ్మిదీ ఎక్కణ్ణుంచి ఊడిపడ్డాయో దేవుడికే ఎరుక. చెడ్డ ఉద్దేశంతో పెట్టింది ఒక్కటీ లేదు. గీత పచ్చబడాలని పెట్టినవే అన్నీ.

ఆ పదకొండు చోట్లా అంకె కొట్టేసి, బహుశాగారి వాక్యం అరువు తెచ్చుకుని రాసింది: ఇది ఇంకా తెలియదు, వార్డులో అడగాలి. పంతులమ్మకు అన్నిటికన్నా అసహ్యం ఆ మాటే. తెలియదన్న ఒక్కో వాక్యానికి నాలుగేసి మార్కులు పీకేసింది. తొంభై ఎనిమిది కాస్తా యాభై నాలుగైంది.

యాభై నాలుగు. ఆయనకు యాభై ఏడు. ఆవిడ తెర వైపు చూస్తూ ఉండిపోయింది. పాత పత్రం ఇంకా అక్కడే ఉంది, ఒక్క నొక్కు నొక్కితే తిరిగొస్తుంది. ఆ సంగతి తెలిసి కూడా ల్యాప్‌టాప్ మూసేసిందంటే, చెప్పినంత తేలిక కాదు అది.

సోమవారం పొద్దున సమావేశం గదిలో ఆసుపత్రి తరఫున ముగ్గురు వచ్చారు. టై కట్టుకున్న ఆఫీసర్లు ఇద్దరు, ఒక వార్డు సిస్టరు. సిస్టరు రాత్రి డ్యూటీ దిగి సరాసరి వచ్చినట్టుంది, కళ్లు ఎర్రగా ఉన్నాయి. మేనేజరు గర్వంగా తెర వెలిగించాడు. మార్కు చూసి ఒకసారి కళ్లు నులుముకున్నాడు.

"శుక్రవారం తొంభై ఎనిమిది కదా?"

"అవునండి. అందులో పదకొండు అంకెలు నేను ఊహించి పెట్టినవి. నిన్న తీసేశాను," అంది ఆవిడ. మొదటిది చదివింది. "ముప్పై ఒకటి. బెల్లుకు నర్సు బదులివ్వకపోతే ఎంతసేపటికి పక్క నర్సుకు వెళ్లాలో తెలియదు. రెండు నిమిషాలని రాశాను. అది మా టీ మిషన్ మీద చూసిన అంకె."

మేనేజరు పెన్ను దొర్లించడం మానేశాడు. బహుశాగారు బల్ల వైపు చూస్తూ కూర్చున్నాడు.

సిస్టరు ముందుకు వంగింది. "ఆ రెండు నిమిషాలు ఇప్పుడు ఫోన్లలో పెట్టేశారా?"

"పెట్టేశారండి. మార్చొచ్చు."

"ముప్పై సెకన్లు. నా వార్డులో ముప్పైకి మించి వీల్లేదు. పోయిన ఏడాది పడినవాళ్ల లెక్క నా దగ్గరుంది, తీసుకొస్తాను." సిస్టరు పెన్ను అడిగి తీసుకుంది. "మిగతా పదీ చదవండి."

వాటిలో నాలుగు ప్రశ్నలకు అక్కడే జవాబు చెప్పింది. మిగతా ఆరింటికీ "మీరు వచ్చి వార్డులో ఒక పూట నిలబడితే తప్ప నేను చెప్పినా మీకు అర్థం కాదు" అంది. ఆసుపత్రివాళ్ల సంతకాలు వారం వాయిదా పడ్డాయి. వెళ్తూ వెళ్తూ సిస్టరు ఆవిడ దగ్గర ఆగి, "ఫోన్ చేసినప్పుడు నేను తియ్యలేదు, నా తప్పూ ఉంది" అని చెప్పి వెళ్లింది.

మధ్యాహ్నం మేనేజరు పిలిచాడు. ఎదురుగా కూర్చోబెట్టి తను మాత్రం నిలబడే మాట్లాడాడు. "మీరు చేసింది మంచిపని. అది నాకు తెలుసు. కానీ మార్కుల మీదే అని పైవాళ్లకు రాసిచ్చింది నేను. ఇప్పుడు కాదంటే ఆయన్ని తీసెయ్యాలి. మూడు మార్కులు ఎక్కువొచ్చిన మనిషిని ఏమని తియ్యను?" నిజమే మరి, ఏమని తీస్తాడు. ఆవిడ తల ఊపింది. మేనేజరు నోటీసు కాగితం ఇచ్చేటప్పుడు ఆవిడ కళ్లలోకి చూడలేకపోయాడు.

బయటికి వచ్చేసరికి బహుశాగారు ఆవిడ బల్ల దగ్గర నిలబడి ఉన్నాడు, చేతిలో బిస్కెట్ పొట్లం. "ఆ కుర్చీ మీది," అన్నాడు. ముందు బహుశా లేదు. ఆయన నోట అలాంటి వాక్యం ఆవిడ ఎన్నడూ వినలేదు.

"మీ వాక్యం కాపీ కొట్టాను, అందుకే మార్కులు పోయాయి. కాపీ కొట్టినవాళ్లకు కుర్చీ ఎవరిస్తారండీ?" అని నవ్వడానికి ప్రయత్నించింది. "ఒక్క సాయం చెయ్యండి. ప్రతి అంకె పక్కనా ఎవరు చెప్పారు అని ఒక గడి పెట్టించండి. గడి ఖాళీగా ఉంటే పంతులమ్మ ఎర్రగీత పెట్టాలి. తెలియదు అని రాస్తే మాత్రం మార్కులు కొయ్యకూడదు."

"పెట్టిస్తాను," అన్నాడాయన. ఇద్దరూ నిలబడే బిస్కెట్లు తిన్నారు.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి భర్త ఇంకా డ్యూటీ దిగలేదు. అత్తగారు వంటింట్లో అదే బల్ల దగ్గర ఉంది. ఆవిడ చెప్పులు విప్పి, సంచీ కింద పెట్టి, మంచినీళ్లు తాగి చెప్పింది.

"ఉద్యోగం పోయింది అత్తయ్యా."

పెద్దావిడ కోడలి మొహం చూసింది. "వెంటనేనా?"

"కాదు. ముప్పై రోజులు."

"ఎవరు చెప్పారు?"

"మేనేజరు. కాగితం మీద, సంతకంతో సహా."

"అయితే నమ్మొచ్చు," అంది అత్తగారు.

ఇద్దరికీ నవ్వొచ్చింది. ఆ నవ్వులోనే ఆవిడకు ఏడుపూ వచ్చింది, పొద్దుటినుంచి ఆపుకున్నదంతా. పెద్దావిడ ఊరుకోమనలేదు. ఏడవనిచ్చింది. తర్వాత తన కొంగు అందించి, "ముందు వంట చేసుకుందాం, పిల్ల చదువు ఆగదు, నా పింఛను ఉంది, వాడి సగం జీతం ఉంది, నీకు ఇంకో చోట దొరుకుతుంది. ఎప్పుడని మాత్రం నన్ను అడక్కు, తెలియదు" అంది.

కాసేపటికి మళ్లీ తనే అడిగింది. "ఆ బెల్లుకు చివరికి ఏం రాశారు?"

"ముప్పై సెకన్లు. సిస్టరు చెప్పింది. పోయిన ఏడాది పడినవాళ్ల లెక్క చూసి."

"ముప్పై," అంది అత్తగారు. బల్ల అంచు మీద వేలితో గీస్తూ కూర్చుంది. "నాకు నాలుగు నిమిషాలు పట్టిందమ్మా."

ఆవిడకు వెంటనే అర్థం కాలేదు.

"ఆ రోజు. మెట్ల దగ్గర నిలబడి ఇంకో నర్సుతో మాట్లాడుతున్నాను. బెల్లు వినబడింది. ఎవరో ఒకరు వెళ్తారులే అనుకున్నాను. ఎదురుగా గడియారం ఉంది, నేను చూశాను కూడా. నాలుగు నిమిషాలు."

ముప్పై ఒక్క ఏళ్లలో ఆ అంకె పెద్దావిడ నోట రావడం అదే మొదటిసారి. కోడలు కుర్చీ దగ్గరికి జరుపుకుని, అత్తగారి చెయ్యి పట్టుకుని పక్కనే కూర్చుంది.